సర్టిఫికెట్ సరే, నాయకత్వం ఎక్కడ అబ్బుతుంది?

ప్రతి యూనివర్సిటీలోనూ ఏడాదికి ఒకసారైనా లీడర్‌షిప్ వర్క్‌షాప్ పెడతారు. పేరున్నవాళ్లెవరో వచ్చి రెండు గంటలు హుషారుగా మాట్లాడతారు, గుంపులుగా విడదీసి ఓ ఆట ఆడిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు, సాయంత్రానికి సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. తర్వాతి సోమవారం ప్రాజెక్ట్ మీటింగ్‌లో కూర్చుంటే పరిస్థితి మళ్లీ పాతదే. మాట్లాడే ఇద్దరే మాట్లాడతారు, పని చేసే ఒక్కరే చేస్తారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. మరి ఆ వర్క్‌షాప్‌లో నేర్చుకున్నదేంటి?

తప్పంతా వర్క్‌షాప్‌ది కాదులెండి. నాయకత్వం అనేటప్పుడు మనం మూడు వేర్వేరు సంగతుల్ని కలగాపులగం చేసేస్తాం. ఒకటి పదవి: ప్రెసిడెంట్, సెక్రటరీ, క్లాస్ రిప్రజెంటేటివ్ లాంటివి. రెండోది నలుగురి కళ్లలో పడటం, అంటే మైకు పట్టుకుని తడబడకుండా మాట్లాడగలగడం, ఫొటోలో మధ్యలో నిలబడగలగడం. మూడోది అసలు పని. నలుగురు మనుషులు, నాలుగు రకాల అభిప్రాయాలు, చాలీచాలని టైమ్ ఉన్నచోట పని ముందుకు కదిలేలా చూడటం, అదీ ఎవరి మనసూ విరిగిపోకుండా. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి కాబట్టి యూనివర్సిటీలు వాటినే లెక్కపెడతాయి, వాటికే బహుమతులిస్తాయి. మూడోది పెరగాలంటే కావలసినవి వేరు. సరిగ్గా చూసుకోకపోతే నిజంగానే చెడిపోయే పని ఒకటి విద్యార్థి చేతికి రావాలి, అది అయ్యాక కూర్చుని ఏం జరిగిందో తిరిగి చూసుకోవాలి, ఆ అవకాశం ఏటా అదే నలుగురి దగ్గర ఆగిపోకుండా చేతులు మారాలి. ఇవి ఉన్నచోట వర్క్‌షాప్ లేకపోయినా పెద్ద నష్టం లేదు, ఇవి లేనిచోట ఎన్ని వర్క్‌షాప్‌లు పెట్టినా సర్టిఫికెట్లే మిగులుతాయి.

ముందు ఆ పాత తగువు తేల్చేద్దాం, పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటే వస్తుందా అన్నది. 1948లో రాల్ఫ్ స్టాగ్‌డిల్ అనే అమెరికన్ పరిశోధకుడు అప్పటిదాకా వచ్చిన వందకు పైగా అధ్యయనాల్ని ఒకచోట వేసి చూశాడు. ఫలానా గుణాలుంటే చాలు, ఎక్కడికెళ్లినా లీడరైపోతారు అని చెప్పడానికి వీల్లేదని, ఒక సందర్భంలో నెగ్గుకొచ్చినవాళ్లు ఇంకో సందర్భంలో తేలిపోవచ్చని తేల్చాడు. 2006లో అమెరికాలోనే మిన్నెసోటాలో కవలల మీద చేసిన ఒక అధ్యయనం ప్రకారం, ఎవరు నాయకత్వ స్థానాల్లోకి వెళ్తారన్న తేడాల్లో దాదాపు 30 శాతానికి మాత్రమే జన్యువులు కారణం. మిగతాదంతా పెరిగిన తీరు, దొరికిన అవకాశాలు, అనుభవాలు. పైగా ఇందులో ఓ తిరకాసుంది. వాళ్లు కొలిచింది ఎవరు పదవుల్లోకి వెళ్లారన్నదాన్ని, వెళ్లాక ఎంత బాగా పనిచేశారన్నదాన్ని కాదు. కాబట్టి ఆ 30 శాతం కూడా మనం చెప్పుకుంటున్న మూడో సంగతికి పూర్తిగా వర్తించదు. తగువు ఇక్కడితో వదిలేద్దాం.

ఎక్కువ మాట్లాడితే లీడరైపోతారా?

చాలాసార్లు అవుతారు, అదే చిక్కు. 2020లో అచ్చైన ఒక అధ్యయనంలో 256 మంది కాలేజీ విద్యార్థుల్ని 33 చిన్న గుంపులుగా చేసి కంప్యూటర్ మీద ఆడే వ్యూహాల ఆటల్లాంటి పనులిచ్చారు. అయ్యాక మీలో లీడర్‌గా ఎవరనిపించారు అని అడిగితే, ఎక్కువసేపు మాట్లాడినవాళ్ల పేర్లే ఎక్కువగా వచ్చాయి. వాళ్ల తెలివితేటలు, స్వభావం, ఆ పని మీద ఉన్న పరిచయం అన్నీ లెక్కలోకి తీసుకున్నా మాట్లాడిన సమయం ప్రభావం అలాగే నిలబడింది. అబ్బాయిలకైతే అబ్బాయిలైనందుకే కాస్త మొగ్గు కూడా కనిపించింది. ఏం మాట్లాడారన్నది పక్కన పెడితే, ఎంతసేపు మాట్లాడారన్నదే మన ఓటుని లాగేస్తోందన్నమాట.

మరి అలా ఎంచుకున్నవాళ్ల వల్ల గుంపు బాగుపడుతుందా? 2010లో అనితా వూలీ అనే అమెరికన్ పరిశోధకురాలి బృందం దాదాపు 700 మందిని ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఉన్న గుంపులుగా చేసి రకరకాల పనులిచ్చి చూసింది. గుంపులో ఒక మహా మేధావి ఉన్నంత మాత్రాన గుంపు పెద్దగా మెరుగుపడలేదు. అందరూ ఇంచుమించు సమానంగా మాట్లాడిన గుంపులు, ఎదుటివాళ్ల ముఖం చూసి మనసు పట్టుకోగల మనుషులున్న గుంపులు బాగా చేశాయి. ఒకరిద్దరే మాటనంతా లాగేసుకున్న గుంపులు వెనకబడ్డాయి.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ అలవాటు చూసి మనం లీడర్‌ని ఎంచుకుంటున్నామో, అదే అలవాటు గుంపు పనిని దెబ్బతీస్తోంది. క్లబ్ ఎన్నికల్లో దంచికొట్టే ప్రసంగం ఇచ్చిన మనిషి మీటింగ్‌లో ఎవర్నీ నోరెత్తనివ్వకపోవడం ఎన్నిచోట్ల చూడలేదు మనం!

అలాగని నెమ్మదస్తులంతా గొప్ప లీడర్లని కూడా కాదు. ఆడం గ్రాంట్, ఆయన తోటి పరిశోధకులు 2011లో ఒక పిజ్జా సంస్థ దుకాణాల్ని పరిశీలిస్తే వచ్చిన ఫలితం చాలా ముచ్చటైనది. సిబ్బంది చెప్పింది చేసుకుపోయే రకమైతే కలుపుగోలు మేనేజర్ ఉన్నచోట లాభాలు ఎక్కువ. సిబ్బంది సొంతంగా ఆలోచించి సలహాలిచ్చే రకమైతే తిరగబడింది, నెమ్మదస్తులైన మేనేజర్లున్న దుకాణాలే ముందున్నాయి, ఎందుకంటే వాళ్లు ఆ సలహాల్ని విన్నారు. యూనివర్సిటీ టీముల్లో ఉండేది ఎక్కువగా ఈ రెండో రకమే, అందరికీ ఏదో ఒక ఐడియా ఉంటుంది. మీటింగ్‌లో ఓ మూల కూర్చుని అందరూ చెప్పేది రాసుకునే అమ్మాయిని 'లీడర్ మెటీరియల్ కాదు' అని పక్కన పెట్టేముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఒక పోస్టర్ కథ

ఇప్పుడు ఆ మూడో సంగతిని దగ్గర నుంచి చూద్దాం. ఐదుగురి టీమ్, సెమినార్‌కి ఇంకా పది రోజులుంది అనుకోండి. కో-ఆర్డినేటర్ గ్రూప్‌లో మెసేజ్ పెడుతుంది, "ఎవరైనా పోస్టర్ సంగతి చూడండి ప్లీజ్." నాలుగు థంబ్స్ అప్‌లు వస్తాయి. పెట్టిన ప్రతి ఒక్కరి ఉద్దేశం 'చూశాను' అని, ఆమెకి అర్థమైంది 'చేస్తాం' అని. నాలుగు రోజులు గడుస్తాయి, పోస్టర్ రాదు. అర్ధరాత్రి దాకా కూర్చుని తనే చేసేస్తుంది. పొద్దున అందరి మీదా విసుక్కుంటుంది. మిగతా నలుగురూ తమలో తాము అనుకునేది ఏంటంటే, 'అన్నీ తనే చెయ్యాలనుకుంటుంది, మనల్ని ఎక్కడ చెయ్యనిస్తుంది?' ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు, అయినా టీమ్ సగం చెడిపోయింది.

ఇది కొత్త సంగతేం కాదు. మాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి చూస్తే, మనుషులు పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతూ వచ్చింది. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి వాటా ఒంటరిగా లాగినదాంట్లో దాదాపు సగానికి పడిపోయింది. 1979లో బిబ్ లటానే బృందం విద్యార్థుల చేత చప్పట్లు కొట్టించి, కేకలు వేయించి ఇదే ధోరణి చూసింది. ఆ తర్వాత 1981లో అదే పరిశోధకులు ఎవరి కేక ఎంత గట్టిగా ఉందో విడిగా తెలిసిపోతుందని చెప్పి చూస్తే ఆ బద్ధకం మాయమైంది. అంటే మనుషులు సోమరిపోతులు కారు. తమ వాటా గుంపులో కలిసిపోయి కనిపించకుండా పోయేచోట చెయ్యి కాస్త వదులవుతుంది, అంతే.

అదే కో-ఆర్డినేటర్ ఒక మనిషికి విడిగా ఇలా చెప్పిందనుకోండి. "పోస్టర్ నువ్వు చెయ్యి. బుధవారం సాయంత్రానికి మొదటి డ్రాఫ్ట్ పంపు చాలు, ఫైనల్ కానక్కర్లేదు. డిజైన్, రంగులు నీ ఇష్టం, పేర్లూ తేదీ మాత్రం నేనోసారి చూస్తా. బుధవారానికి కుదరదనిపిస్తే సోమవారమే చెప్పెయ్, ఏదో ఒకటి చూద్దాం." చిన్న మాటలే, కానీ పనెవరిదో తెలిసింది, ఎప్పటికో తెలిసింది, ఏది తన ఇష్టమో ఏది కాదో తెలిసింది. అన్నిటికంటే ముఖ్యమైంది చివరి వాక్యం, కుదరదని చెప్పడానికి ముందే దారి వదిలింది. చాలామంది విద్యార్థి నాయకులు మొదటి మూడూ నేర్చుకుంటారు, ఈ నాలుగోదే నేర్చుకోరు.

అది ఎందుకంత ముఖ్యమో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలి పనిలో కనిపిస్తుంది. 1990లలో ఆవిడ ఆసుపత్రుల్లో నర్సుల బృందాల్ని గమనిస్తే, మంచి బృందాలనిపించుకున్నవాటిలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. మొదట తికమకపడి, తర్వాత లోతుగా చూస్తే తేలిందేంటంటే, అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం కాదు, భయం లేకుండా చెప్పుకోవడం ఎక్కువ జరుగుతోంది. మిగతాచోట్ల దాచేస్తున్నారు. మన పోస్టర్ విషయంలో కూడా సోమవారం "నావల్ల కావట్లేదు" అని చెప్పగలిగిన టీమ్‌కి రెండు రోజులు చేతిలో ఉంటాయి, చెప్పలేని టీమ్‌కి బుధవారం రాత్రి టెన్షన్ మిగులుతుంది.

సరే, బుధవారం వచ్చింది, డ్రాఫ్ట్ వచ్చింది, కానీ బాగాలేదు. ఇప్పుడేం చెయ్యాలి? తనే తిరగరాసేస్తే పని అయిపోతుంది, చేసినవాడు మాత్రం ఇంకోసారి చెయ్యి వెయ్యడు. "నీకు డిజైన్ అస్సలు రాదురా" అంటే మనిషే ముడుచుకుపోతాడు. "తేదీ దూరం నుంచి కనిపించట్లేదు, దాన్ని పెద్దది చేసి కింద పేరా సగానికి తగ్గిస్తే ఎలా ఉంటుంది?" అంటే పని గురించి మాట్లాడినట్టు. ఇదేదో మర్యాద పాఠం అనుకోకండి. క్లూగర్, డెనిసి అనే ఇద్దరు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని ఇంకా దిగజారింది. ముఖ్యంగా మాట పని మీద నుంచి మనిషి మీదకి మళ్లినప్పుడు. పొగడ్త కూడా అంతే, 'నువ్వు సూపర్' అనేది వినడానికి బాగుంటుంది, రేపు ఏం చెయ్యాలో మాత్రం చెప్పదు.

బుధవారం అసలేమీ రాకపోతే? "ఏరా, ఇంకా అవ్వలేదా?" అని అడిగితే సాకు వస్తుంది. "ఎక్కడ ఆగింది?" అని అడిగితే, లోగో ఫైల్ ఎవరూ పంపలేదనో, వేరే ఇంటర్నల్స్ ఉన్నాయనో అసలు కారణం బయటికొస్తుంది. ఇరవై ఏళ్ల వయసులో, సాటి స్నేహితుల మీద ఏ అధికారమూ లేకుండా, స్నేహం చెడగొట్టుకోకుండా ఈ ప్రశ్న అడగడం నేర్చుకోవడమంటే చిన్న విషయం కాదు. కంపెనీలో మేనేజర్‌కి కనీసం జీతం, ప్రమోషన్ అనే పగ్గాలుంటాయి. విద్యార్థి కో-ఆర్డినేటర్ చేతిలో అవేవీ ఉండవు, మాట తప్ప. ఆ రకంగా చూస్తే యూనివర్సిటీ క్లబ్ నడపడం కంపెనీలో టీమ్ నడపడం కంటే కష్టమైన బడి.

నాష్‌విల్ విద్యార్థులు ఎలా తయారయ్యారు

విద్యార్థులు నాయకత్వం నేర్చుకోవడం గురించి చరిత్రలో ఒక్క ఉదాహరణే చెప్పమంటే నేను 1959-60లలో అమెరికాలోని నాష్‌విల్‌నే ఎంచుకుంటాను. నల్లజాతివాళ్లకి హోటల్ కౌంటర్ల దగ్గర కూర్చుని తినే హక్కు లేని రోజులు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మతశాస్త్రం చదువుతున్న జేమ్స్ లాసన్ అనే ఆయన ఒక చర్చిలో విద్యార్థులకి వర్క్‌షాప్‌లు నడిపాడు. అవును, అవీ వర్క్‌షాప్‌లే. కానీ ఎలాంటివి? కుర్చీలు వేసి కౌంటర్‌లా అమర్చేవాళ్లు. కొందరు నిరసన చేసేవాళ్లుగా కూర్చుంటే ఇంకొందరు దాడి చేసేవాళ్లుగా నటిస్తూ బూతులు తిట్టేవాళ్లు, తోసేవాళ్లు. కూర్చున్నవాళ్లు తిరగబడకూడదు. అయ్యాక కూర్చుని ఎవరికెక్కడ కోపం తన్నుకొచ్చింది, ఎక్కడ తడబడ్డాం అని మాట్లాడుకునేవాళ్లు. మళ్లీ వచ్చే వారం అదే పని. ఒక రోజు ఉపన్యాసం విని ఇంటికెళ్లిపోయే వ్యవహారం కాదు, నెలల తరబడి సాగింది.

1960 ఫిబ్రవరి 13న నాష్‌విల్‌లో అసలు నిరసనలు మొదలయ్యాయి. ఆ నెలాఖరుకి నిజంగానే దాడులు జరిగాయి, దెబ్బలు తిన్నవాళ్లనే అరెస్టు చేశారు. ఒక బ్యాచ్‌ని తీసుకెళ్తే ఖాళీ అయిన కుర్చీల్లో ఇంకో బ్యాచ్ వచ్చి కూర్చుంది. ఎవరో ఒక్క లీడర్‌ని పట్టుకెళ్తే ఆగిపోయేలా అది కట్టుకోలేదు వాళ్లు, నిర్ణయాలు తీసుకునేది ఒక కమిటీ.

ఆ గుంపులో డయాన్ నాష్ అనే ఫిస్క్ యూనివర్సిటీ విద్యార్థిని ఉంది. తనకి భయం వేసేదని తర్వాతి రోజుల్లో ఆమే చెప్పుకుంది. 1960 ఏప్రిల్ 19న వాళ్ల తరఫున వాదిస్తున్న లాయర్ ఇంటి మీద బాంబు పడితే, వేలమంది సిటీ హాల్ దాకా నడిచి వెళ్లారు. అక్కడ అందరి ముందూ ఆమె మేయర్ బెన్ వెస్ట్‌ని సూటిగా అడిగింది, కేవలం రంగు చూసి మనిషిని వేరుగా చూడటం తప్పని మీకు అనిపిస్తోందా అని. ఆయన అవునని ఒప్పుకున్నాడు. మే 10న ఊళ్లోని ఆరు దుకాణాల కౌంటర్లు నల్లజాతివాళ్లకి వడ్డించడం మొదలుపెట్టాయి. అప్పటికి ఆమెకి ఇంకా 22 నిండలేదు. ఆ ప్రశ్న ఆ క్షణంలో ఆకాశం నుంచి ఊడిపడలేదు, వెనక నెలల తరబడి సాధన ఉంది, అంతకుముందు రెండు నెలలుగా నిజమైన బాధ్యత ఉంది.

ఇదే సమయంలో ఇంకో సంగతి కూడా జరిగింది, దీన్ని అధ్యాపకులు ప్రత్యేకంగా గమనించాలి. 1960 ఏప్రిల్‌లో రాలీ అనే ఊళ్లోని షా యూనివర్సిటీలో ఇలాంటి నిరసనలు చేస్తున్న విద్యార్థుల సమావేశం పెట్టించిన పౌరహక్కుల కార్యకర్త ఎల్లా బేకర్ వయసు అప్పటికి 56. నల్లజాతివాళ్ల హక్కుల కోసం పనిచేసే పెద్ద సంస్థలు ఆ విద్యార్థుల్ని తమ యువజన విభాగంగా చేర్చుకోవాలని చూశాయి. ఆవిడ స్వయంగా అలాంటి సంస్థలో పనిచేస్తూ కూడా, మీ సంస్థ మీరే పెట్టుకోండి, మీ నిర్ణయాలు మీరే తీసుకోండి అనే వైపే నిలబడింది. చోటు చూపించింది, అడిగినప్పుడు సలహా ఇచ్చింది, పగ్గాలు మాత్రం తీసుకోలేదు.

అంటే అందరూ ఉద్యమాలు చెయ్యాలని కాదు నేననేది. చూడాల్సింది దాని నడక. ముందు నిజానికి దగ్గరగా ఉండే సాధన, తర్వాత అసలు పని, తర్వాత లెక్క సరిచూసుకోవడం, మళ్లీ సాధన, పక్కన పగ్గాలు లాక్కోని పెద్దవాళ్లు. ఒక బ్లడ్ డొనేషన్ క్యాంపుకైనా, కోడింగ్ పోటీకైనా ఇదే నడక పనికొస్తుంది. స్పాన్సర్ దగ్గరికి వెళ్లేముందు ఒకరు స్పాన్సర్‌లా కూర్చుని "మాకేంటి లాభం?" అని మొహం మీద అడిగితే, వెళ్లేవాళ్లు ఒకసారి అక్కడే తడబడి వస్తే, అసలు మీటింగ్‌లో తడబాటు తగ్గుతుంది. ఖర్చు లేని పని, పావుగంటలో అయిపోతుంది, అయినా ఎవరూ చెయ్యరు.

వర్క్‌షాప్‌ల మీద నేను మరీ కోపంగా ఉన్నాననుకుంటారేమో, లెక్కలు కూడా చెప్పాలి. 2017లో క్రిస్టీనా లాసెరెంజా బృందం శిక్షణ పొందిన 335 వేర్వేరు గుంపుల ఫలితాల్ని కలిపి చూసి నాయకత్వ శిక్షణ పనిచేస్తుందనే తేల్చింది, అదీ చాలామంది అనుకున్నదానికంటే ఎక్కువగానే. అయితే ఏది బాగా పనిచేసింది? ముందు ఈ మనుషులకి ఏం కావాలో కనుక్కుని మొదలుపెట్టినవి, ఒకేసారి కుమ్మరించకుండా విడతలు విడతలుగా నడిపినవి, విన్నదాన్ని చేసి చూసే అవకాశం ఇచ్చినవి, ఫీడ్‌బ్యాక్ ఉన్నవి. ఒక్క రోజు ఆడిటోరియం, మూడు వందల మంది, ఒక మైకు అనే పద్ధతి ఈ జాబితాలో దేనికీ సరిపోదు. కానీ ఏర్పాటు చెయ్యడానికి సులువు, రిపోర్టులో రాసుకోవడానికి అందంగా ఉంటుంది, అందుకే అదే నడుస్తోంది.

అయిపోయాక ఒక అరగంట

యూనివర్సిటీల్లో నాకు అన్నిటికంటే వింతగా అనిపించేది ఇది. నెల రోజులు నిద్ర మానుకుని ఫెస్ట్ చేస్తారు, అది అయిన రాత్రి ఫొటోలు పెట్టుకుంటారు, తర్వాత ఎవరి దారి వారిది. సౌండ్ సిస్టమ్ గంట ఆలస్యంగా ఎందుకొచ్చింది, రిజిస్ట్రేషన్ దగ్గర క్యూ ఎందుకు అంత పెరిగింది, ఇద్దరు వాలంటీర్లు మధ్యలో ఎందుకు వెళ్లిపోయారు అన్నది ఎవరూ కూర్చుని మాట్లాడుకోరు. కష్టమంతా పడ్డారు, అందులోంచి వచ్చే పాఠం మాత్రం వదిలేశారు. తర్వాతి ఏడాది సౌండ్ సిస్టమ్ మళ్లీ గంట ఆలస్యం.

అమెరికా సైన్యం 1970ల నుంచి ప్రతి శిక్షణ తర్వాతా ఒక సమీక్ష చేస్తుంది. అడిగేవి మామూలు ప్రశ్నలే. ఏం జరగాలనుకున్నాం, నిజంగా ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏం మారుద్దాం. ర్యాంకుతో పని లేకుండా ఎవరైనా మాట్లాడొచ్చు. టానెన్‌బామ్, చెరసోలి అనే ఇద్దరు 2013లో ఇలాంటి సమీక్షల మీద వచ్చిన అధ్యయనాల్ని కలిపి చూస్తే, సరిగ్గా చేస్తే పనితీరు 20 నుంచి 25 శాతం దాకా మెరుగవుతుందని తేలింది. అరగంట మాటలకి ఇంత ఫలితం వస్తుంటే వదులుకోవడం ఎందుకు?

దీన్ని చెడగొట్టే మార్గం కూడా ఒకటుంది, అందరూ దానిలోనే పడతారు. "ఎవరి తప్పు?" అనే ప్రశ్నతో మొదలుపెట్టడం. ఆ ప్రశ్న వినగానే ప్రతివాళ్లూ లాయర్లైపోతారు. దానికి విరుగుడు, అందరికంటే ముందు లీడరే నోరు విప్పి "నేను వెండర్‌కి టైమ్ రాతలో ఇవ్వలేదు, ఫోన్‌లోనే చెప్పి వదిలేశాను" లాంటి ఒక్క గట్టి విషయం చెప్పడం. ఆ తర్వాత మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే చెప్తారు. అడిగినప్పుడు నోరు మెదపనివాళ్ల చేత ముందు ఒక కాగితం మీద రాయించి, తర్వాత చదవడం కూడా బాగా పనిచేస్తుంది.

అవకాశం ఎవరికి వస్తోంది

స్కూల్లో లీడర్‌గా ఉన్నవాళ్లకి యూనివర్సిటీలో మొదటి కమిటీ దొరుకుతుంది, కమిటీలో ఉన్నవాళ్లకి సెక్రటరీ పోస్టు, సెక్రటరీకి ప్రెసిడెంట్. చివరికి 'అనుభవం ఉన్నవాళ్లు' అని ఓ పది మంది తయారవుతారు, మిగతా వేలమంది కుర్చీలు సర్దుతారు. ఎవరూ కుట్ర చెయ్యలేదు, ప్రతిసారీ నమ్మకస్తుల్ని ఎంచుకున్నారు, అంతే. కానీ ఫలితం కుట్ర చేసినంత పక్కాగా వస్తుంది.

మేరీలాండ్ యూనివర్సిటీలో సూసన్ కొమీవ్స్ బృందం 2005లో పదమూడు మంది విద్యార్థుల కథల్ని లోతుగా విని, నాయకత్వం గురించి వాళ్ల ఆలోచన దశలవారీగా ఎలా మారిందో గుర్తించింది. అందులో పెద్ద మలుపు ఒకటుంది. మొదట్లో 'పదవి ఎవరిదో వాళ్లే లీడర్, మిగతావాళ్లు వాళ్లు చెప్పింది చేసేవాళ్లు' అని అనుకునేవాళ్లు. ఒక దశలో 'పదవి లేకపోయినా నేను ఇక్కడ పని నడిపించగలను, పదవి ఉన్నా అన్నీ నేనే చెయ్యక్కర్లేదు' అనే చోటికి వచ్చారు. మన కో-ఆర్డినేటర్ అర్ధరాత్రి పోస్టర్ చేసుకోవడం మొదటి దశ, బుధవారం డ్రాఫ్ట్ అడగడం రెండో దశ. ఆ మలుపు తిరగడానికి తోటివాళ్లతో కలిసి పనిచెయ్యడం, పక్కన నమ్మకంగా మాట్లాడే ఒక పెద్ద ఉండటం, తమ గురించి తాము ఆలోచించుకునే తీరిక కావాలి.

అమెరికాలోనే 2006లో యాభైకి పైగా యూనివర్సిటీల్లో యాభై వేలకు పైగా విద్యార్థులతో చేసిన పెద్ద అధ్యయనంలో, నాయకత్వ సామర్థ్యంతో గట్టిగా ముడిపడి కనిపించిన అంశం ఏంటో తెలుసా? తమలాంటి నేపథ్యం కాని, తమ అభిప్రాయాలతో ఏకీభవించని తోటి విద్యార్థులతో లోతుగా మాట్లాడటం. పదవులు ఎన్ని చేశారన్నదాని కంటే ఇది ముందుంది. ఏడాదంతా అదే ముఠాతో తిరిగి, అదే ముఠాతో క్లబ్ నడిపితే పోయేది ఇదే.

కాబట్టి తిప్పాలి. ఏడాదికో ప్రెసిడెంట్ బదులు ప్రతి కార్యక్రమానికీ ఒక కొత్త మనిషిని బాధ్యుల్ని చెయ్యొచ్చు, పాత ప్రెసిడెంట్ పక్కన నిలబడి చూస్తాడు. మీటింగ్ నడిపే పని వంతులవారీగా వెయ్యొచ్చు. మొదటిసారి నడిపేవాళ్లు గందరగోళం చేస్తారు, అజెండాలో సగం కూడా అవ్వదు, అది ఓర్చుకోవాల్సిందే.

ఇక్కడే అధ్యాపకుల పాత్ర వస్తుంది, ఇది తాడు మీద నడకే. ఒక రకం వాళ్లు అన్నీ తామే నిర్ణయించి విద్యార్థుల చేత సంతకాలు పెట్టిస్తారు. ఇంకో రకం 'మీ ఇష్టం' అని చేతులు దులుపుకుంటారు, ఏదైనా తేడా వస్తే మాత్రం ఊడిపడతారు. 1939లో కర్ట్ లెవిన్, లిపిట్, వైట్ పదేళ్ల పిల్లల బృందాల మీద చేసిన ప్రయోగం ఇప్పటికీ చెప్పుకోదగ్గది. పెద్దాయన ఆజ్ఞాపించే బృందంలో ఆయన గదిలో ఉన్నంతసేపూ పని జోరుగా సాగింది, బయటికెళ్లగానే కుదేలైంది. కలిసి నిర్ణయించుకున్న బృందంలో ఆయన వెళ్లినా పని దాదాపు అలాగే సాగింది. గాలికొదిలేసిన బృందంలో ఎప్పుడూ అంతంతమాత్రమే. అధ్యాపకులు తమ క్లబ్‌ని పరీక్షించుకోవాలంటే ఒక నెల మీటింగ్‌లకి వెళ్లకుండా ఉండి చూడటమే సులువైన పద్ధతి. ఎంతవరకు వదలాలి అంటే, డబ్బు లెక్కలు, మనుషుల భద్రత తమ కళ్ల ముందు ఉంచుకుని, మిగతావి చెడిపోయినా పర్లేదని వదిలెయ్యాలి. జనం రాని సెమినార్ వల్ల ఎవరికీ గాయం కాదు, పైగా జనం ఎందుకు రాలేదో ఆ టీమ్ ఇంక ఎప్పటికీ మర్చిపోదు.

రెజ్యూమేల గురించి ఒక్క మాట. 'క్లబ్ ప్రెసిడెంట్, 2 సంవత్సరాలు' అన్న లైన్ చూసి ఇంటర్వ్యూలో అనుభవమున్నవాళ్లు అడిగేది "మీ టీమ్‌లో ఇద్దరికి పడకపోతే ఏం చేశారు?" లాంటి ప్రశ్న. పదవి లేకుండా ఒక చెడిన ప్రాజెక్ట్‌ని గాడిలో పెట్టినవాళ్ల దగ్గర దానికి జవాబుంటుంది, పదవి మాత్రమే ఉన్నవాళ్లు అక్కడ నీళ్లు నములుతారు.

ఇప్పుడు ఏదో ఒక టీమ్‌లో ఉన్నవాళ్లు చెయ్యగలిగిన పనుల్లో నేను ముందు పెట్టేది అప్పగింత. చదువు అయిపోయి వెళ్లేముందు కాదు, కనీసం ఒక సెమిస్టర్ ముందే. వెండర్ల నంబర్లు, ఏ పర్మిషన్‌కి ఎన్ని రోజులు పడుతుంది, పోయినసారి ఎంత ఖర్చయింది, ఎక్కడ చెడింది అన్నవి ఒక ఫైల్‌లో రాసి, తర్వాత నడపబోయేవాళ్లని ఇప్పుడే పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఆ సెమిస్టర్‌లో జరిగే చివరి కార్యక్రమం వాళ్ల చేతికిచ్చేసి, పాతవాళ్లు వాలంటీర్ బ్యాడ్జీ వేసుకుని రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చుంటే సరిపోతుంది. ఎవరైనా వచ్చి "అన్నా, ఇదేం చెయ్యాలి?" అని అడిగితే, కొత్త కో-ఆర్డినేటర్ ఎక్కడున్నారో చూపించి పంపాలి.